యేట్స్ ప్రశ్న: ఉత్తర సర్కారుల విద్యాపాలనలో నాయకత్వం, పాఠశాల భాష (1907–1919)

ఉపోద్ఘాతం

అనకాపల్లి జిల్లాకు చెందిన ఎస్. రాయవరం పేరులోని మొదటి అక్షరం 'సర్వసిద్ధి'కి పొడి రూపం. యలమంచిలి ముఖ్యస్థానంగా ఉండిన పాత తాలూకాకు సర్వసిద్ధి తాలూకా అని పేరు. 1862 సెప్టెంబరు 21న గురజాడ వేంకట అప్పారావు ఈ రాయవరంలోనే తల్లి పుట్టింట జన్మించారు. సాహిత్య చరిత్రలో ఈ ఊరికి 'కన్యాశుల్కం' కర్త జన్మస్థలంగా గుర్తింపు ఉంది. కానీ గురజాడ తన జీవితపు చివరి సంవత్సరాలలో ఎక్కువ శక్తిని వెచ్చించిన పని నాటకరచన కాదు. బడిపిల్లల చేతిలోని పుస్తకం ఏ తెలుగులో ఉండాలి, పరీక్షలో పిల్లవాడు ఏ తెలుగులో రాయాలి అన్న వాదం అది. ఆ వాదం పండిత సభలో కాక పాఠశాలల తనిఖీలో పుట్టింది. ఉత్తర సర్కారుల పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ వేసిన ఒక ప్రశ్న దానికి నాంది.

వ్యావహారిక భాషోద్యమాన్ని సాహిత్య, భాషాశాస్త్ర దృక్కోణాల నుంచి పరిశీలించిన రచనలు విస్తారంగా ఉన్నాయి. విద్యాపాలన చరిత్రలో ఒక ఘట్టంగా దానిని చూడటం తక్కువ. ఒక ప్రాంతంలోని బడులన్నిటిపై అధికారం గల వ్యక్తి ఆ అధికారాన్ని ఎలా వాడాడు, దేనిని సాధించాడు, ఎక్కడ ఆగిపోయాడు అన్న కోణంలో ఈ వ్యాసం 1907–1919 మధ్య పరిణామాలను పరిశీలిస్తుంది.

పర్యవేక్షణాధికారి: పదవి స్వభావం

1854 నాటి వుడ్ తాఖీదు ప్రతి రాష్ట్రంలోనూ ప్రత్యేక విద్యాశాఖను ఏర్పరచాలని, పాఠశాలలను తనిఖీ చేయడానికి అధికారులను నియమించాలని నిర్దేశించింది. ఆ మేరకు 1855లో మద్రాసు రాష్ట్రానికి ఎ.జె. అర్బత్‌నాట్ తొలి డైరెక్టరు ఆఫ్ పబ్లిక్ ఇన్‌స్ట్రక్షన్‌గా నియమితులయ్యారు. ఆయన కింద ఇన్‌స్పెక్టర్లు, వారి కింద డిప్యూటీ ఇన్‌స్పెక్టర్లు పనిచేసే వ్యవస్థ క్రమంగా స్థిరపడింది. ఒక్కొక్క ఇన్‌స్పెక్టరు అధీనంలో కొన్ని జిల్లాలు ఉండేవి. గుర్తింపు, గ్రాంటు, ఉపాధ్యాయుని పనితీరుపై నివేదిక, ఇవన్నీ ఈ శాఖ చేతిలోనివే.

పంతొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో అమలైన 'ఫలితాలను బట్టి గ్రాంటు' పద్ధతి ఈ పదవికి ఒక విచిత్ర స్వభావాన్ని కల్పించింది. తనిఖీ రోజున పిల్లలను పరీక్షించి, ఎంతమంది గట్టెక్కారో లెక్కగట్టి, దానిని బట్టి బడికి సొమ్ము మంజూరు చేసేవారు. దీనితో అధికారి లెక్కలు కట్టేవాడయ్యాడు, ఉపాధ్యాయుడు తన జీతం కోసం పిల్లల చేత పాఠం వల్లె వేయించేవాడయ్యాడు. పిల్లవాడికి అర్థమైందా లేదా అన్నది ఆ లెక్కలో చేరే అంశం కాదు. 1904 మార్చి 11న కర్జన్ ప్రభుత్వం ప్రకటించిన విద్యావిధాన తీర్మానం ఈ పద్ధతిని తప్పుపట్టింది. యేట్స్ ఉత్తర సర్కారులకు వచ్చేనాటికి ఇన్‌స్పెక్టరు పదవి ఈ మలుపులో ఉంది. లెక్క కట్టే పని తగ్గుతున్నప్పుడు ఆ అధికారి మరి ఏ పని చేయాలి? ఈ ప్రశ్నకు ఉత్తర్వులలో స్పష్టమైన సమాధానం లేదు. పదవిలో ఉన్న వ్యక్తి దృష్టిని బట్టి సమాధానం మారే అవకాశం ఉండేది.

బడిలో రెండు తెలుగులు

అప్పటి తెలుగు బోధనకు ఆదర్శం పరవస్తు చిన్నయసూరి గద్యం. ఆయన 'నీతిచంద్రిక' 1853లోను, 'బాలవ్యాకరణం' 1858లోను వెలువడ్డాయి. ప్రౌఢమైన, సుందరమైన ఆ గద్యం తరువాతి కాలంలో పాఠ్యపుస్తకాలకు ఒరవడి అయింది, వ్యాకరణం ఆ ఒరవడికి కావలి అయింది. చిన్నయసూరి ప్రతిభకు ఇందులో కొదువ లేదు. చిక్కు మరొక చోట ఉంది. ఒక పండితుడు సాధించిన శైలిని, అక్షరాలు నేర్చిన మరునాడే ప్రతి పిల్లవాడూ అందుకోవాలని విద్యావ్యవస్థ ఆశించింది.

తరగతి గదిలో దీని ఫలితం సులభంగానే ఊహించవచ్చు. ఇంట 'వచ్చాడు' అని వినే పిల్లవాడు బడిలో 'వచ్చెను' అని చదవాలి. 'చేస్తున్నాను' అన్న మాటను 'చేయుచున్నాను' అని రాయాలి. ఉత్తర సర్కారులలో ఈ ఎడం ఇంకా ఎక్కువ. రాయవరం ప్రాంతపు రైతు ఇంట పుట్టిన బిడ్డ నోట 'ఒచ్చీసినాడు', 'తినీసినాను' అనే రూపాలు పలుకుతాయి. ఆ బిడ్డకు గ్రాంథిక పాఠం రెండు మెట్లు పైన ఉంటుంది. ఉపాధ్యాయుడు ఒక గ్రాంథిక పదానికి మరొక గ్రాంథిక పదాన్ని అర్థంగా చెప్పి పంక్తి ముగిస్తే, విద్యార్థి రెండింటినీ కంఠస్థం చేస్తాడు. చదివినది సొంత మాటల్లో చెప్పమంటే మౌనం వహిస్తాడు. తనిఖీకి వచ్చిన అధికారి ఈ మౌనాన్ని మందబుద్ధిగా గాని, ఉపాధ్యాయుని అలసత్వంగా గాని నమోదు చేసి వెళ్లిపోవచ్చు. సాధారణంగా జరిగేది అదే.

ప్రశ్నకు పూనుకున్న అధికారి

1907లో ఉత్తర కోస్తా జిల్లాల పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన యేట్స్‌కు కింది తరగతులలో తెలుగు చెప్పే పద్ధతి రుచించలేదు. జనం మాట్లాడే భాషకూ పుస్తకాల భాషకూ ఇంత తేడా ఎందుకుండాలి అని ఆయన ప్రశ్నించారు. విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారి ముందు ఈ ప్రశ్న ఉంచినప్పుడు, దీనికి సమాధానం చెప్పగలవారు గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి అని అయ్యంగారు సూచించారు. ఉద్యమ చరిత్రకారులు తరచుగా ఉటంకించే ఈ చిన్న సంఘటనలో నాయకత్వ లక్షణాలు మూడు కనిపిస్తాయి.

మొదటిది, లోపాన్ని గుర్తించిన స్థానం. యేట్స్ పిల్లవాడిని గాని, పండితుడిని గాని దోషిని చేయలేదు. ఇద్దరూ పాటించవలసి వచ్చిన ఏర్పాటులోనే చిక్కు ఉందని గ్రహించారు. వ్యక్తిలో లోపం చూసే అధికారి శిక్షతో ఆగుతాడు. ఏర్పాటులో లోపం చూసే అధికారి మార్పు దాకా వెళ్లవలసి వస్తుంది.

రెండవది, సమాధానం వెతికిన దిక్కు. ఇన్‌స్పెక్టరు సాధారణంగా పైఅధికారికి రాస్తాడు, లేదా కిందివారికి ఆజ్ఞ ఇస్తాడు. యేట్స్ ఆ రెండూ కాక, తెలిసినవారిని అడిగారు. భాష తనది కాదు కనుక ఆ భాషకు చెందినవారి వద్దకు వెళ్లడం తప్పనిసరి అయిందని అనవచ్చు. కానీ తెలియని విషయాన్ని కూడా ఆజ్ఞాపించిన అధికారులు చరిత్రలో తక్కువ కాదు.

మూడవది, సమాధానం చెప్పేవారికి విడిచిపెట్టిన చోటు. ఉద్యమానికి సిద్ధాంతం యేట్స్‌ది కాదు, గిడుగుది. సాహిత్య సమర్థన గురజాడది, సంస్థాగత ప్రచారం అయ్యంగారిది. అధికారి తన పేరును ముందుకు తేలేదు. అందుకే ఈనాడు గిడుగు పుట్టినరోజైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము, యేట్స్ పేరు పాదసూచికలలో మిగిలింది. నాయకత్వ చరిత్రలో ఇది వైఫల్యానికి గుర్తు కాదు.

అంచున ఉన్న జ్ఞానం

యేట్స్ ప్రశ్నకు సమాధానం అప్పటికే ఒకచోట సిద్ధమవుతూ ఉంది. గిడుగు రామమూర్తి 1863లో శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో గురజాడకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఆ కొండ ప్రాంతపు సవరల భాషను స్వయంగా నేర్చుకొని, వారికి వారి భాషలోనే చదువు చెప్పడానికి వాచకాలు రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. లిపి లేని భాషను చెవితో విని పట్టుకొనే క్రమంలో, భాష అంటే మొదట నోటి మాట అన్న సత్యం ఆయనకు అనుభవమైంది. శాసనాల పరిశీలన ఆయనకు మరొక సత్యాన్ని నేర్పింది: భాష మారుతుంది, పూర్వులు కూడా తమ కాలపు మాటనే రాశారు.

గురజాడ అనుభవం వేరు. ఉపాధ్యాయుడిగా, కళాశాల అధ్యాపకుడిగా, విజయనగర సంస్థానంలో ఉద్యోగిగా ఆయన పనిచేశారు. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' వాడుక భాష కేవలం హాస్యానికే కాక గంభీరమైన సాంఘిక ప్రయోజనానికీ సరిపోతుందని నిరూపించింది. 1909లో వెలువడిన రెండవ కూర్పు ఆ నిరూపణను పరిపూర్ణం చేసింది. అదే సంవత్సరం అయ్యంగారు దేశభాషల బోధనకు సంబంధించి చావుబతుకుల సమస్యగా వాదిస్తూ ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం ప్రకటించారు.

ఇందులో గమనించదగిన విషయం ఒకటుంది. పర్లాకిమిడి బడిపంతులు జ్ఞానం, విజయనగర సంస్థానోద్యోగి జ్ఞానం, విశాఖ ప్రిన్సిపాలు జ్ఞానం వేర్వేరుగా ఉన్నంతకాలం అవి వ్యక్తుల ఆసక్తులు మాత్రమే. ఒక అధికారి ప్రశ్న వాటిని ఒక చోటికి చేర్చినప్పుడు అవి విధానానికి సంబంధించిన వాదంగా మారాయి. తన పరిధిలో ఎవరికి ఏమి తెలుసో కనుక్కోవడం, వారిని ఒకరికొకరిని కలపడం విద్యాధికారి చేయగల పనులలో మిక్కిలి విలువైనది. దీనికి బడ్జెటు అవసరం లేదు.

ఉత్తర్వుతో గెలుపు, ఉత్తర్వుతోనే ఓటమి

వాదం క్రమంగా పరీక్షల దాకా వెళ్లింది. 1912–13లో స్కూలు ఫైనలు విద్యార్థులు తెలుగు వ్యాసరచనను కావ్యభాషలో గాని ఆధునిక భాషలో గాని రాయవచ్చునన్న అనుమతి వెలువడింది. ఆధునిక భాషకు ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' (1838) వంటి రచనలను ఉదాహరణగా చూపారు. ఈ ఎంపిక అర్థవంతమైనది. వాడుక భాషలో వచనం నిన్న మొన్న పుట్టిన వింత కాదని, చిన్నయసూరికి ముందే ఉన్న సంప్రదాయమని అది గుర్తుచేస్తుంది.

ప్రతిఘటన తీవ్రంగా వచ్చింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు దానికి వేదిక అయింది, జయంతి రామయ్య పంతులు దానికి నాయకుడు. వారి వాదాన్ని కేవలం ఛాందసంగా కొట్టివేయడం చరిత్రకు న్యాయం కాదు. వాడుక భాష జిల్లాకొక తీరుగా ఉంటుంది, అందరినీ కలిపే రాత భాష ఒకటి ఉండాలి, ప్రాచీన సాహిత్యంతో కొత్త తరానికి సంబంధం తెగిపోరాదు అన్నవి నిలిచి ఆలోచించవలసిన అభ్యంతరాలే. గిడుగు 1913లో ఆధునిక తెలుగుపై ఆంగ్లంలో విజ్ఞాపన పత్రం ప్రకటించి ఈ అభ్యంతరాలను ఎదుర్కొన్నారు. మద్రాసు విశ్వవిద్యాలయం తరఫున ఈ సమస్యను పరిశీలించిన ఉపసంఘంలో సంప్రదాయవాదుల పక్షానికే ఆధిక్యం లభించగా, గురజాడ 1914లో తన సుదీర్ఘమైన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. 1915లో పాత అనుమతి రద్దయింది. ఆ సంవత్సరం నవంబరు 30న గురజాడ కన్నుమూశారు.

ఎనిమిదేళ్లలో ఒక ప్రశ్న ఉత్తర్వు అయింది, ఆ ఉత్తర్వు తుడిచిపెట్టుకుపోయింది. ఎందుకు? విద్యాపాలన కోణంలో కారణం స్పష్టంగా కనిపిస్తుంది. మార్పు పైనుంచి, పరీక్షా నిబంధన రూపంలో వచ్చింది. దానిని తరగతిలో అమలు చేయవలసిన తెలుగు పండితులలో అధికభాగం దానికి మానసికంగా సిద్ధంగా లేరు. వారి చదువు, గౌరవం, ఉద్యోగం అన్నీ గ్రాంథిక భాషతో ముడిపడి ఉన్నాయి. తల్లిదండ్రులకు ఈ మార్పు తమ పిల్లల మేలు కోసమని వివరించిన యంత్రాంగం లేదు. ఒక ప్రాంతపు ఇన్‌స్పెక్టరు పరిధిలో మొదలైన ప్రయత్నం మద్రాసులోని సంఘాలకు, బోర్డులకు చేరేసరికి అది ఆయన చేతిని దాటిపోయింది. ఉత్తర్వుతో వచ్చిన గెలుపు మరొక ఉత్తర్వుతో పోయింది.

ఉద్యమం చేతులు మారడం

1911లో ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించుకున్న గిడుగు 1915 తరువాత మార్గం మార్చుకున్నారు. ప్రభుత్వాన్ని ఒప్పించడంతో పాటు ఉపాధ్యాయులను, రచయితలను, పాఠకులను ఒప్పించడం ఆయన పని అయింది. 1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. అంతకు ముందు గ్రాంథిక పక్షాన ఉండిన కందుకూరి వీరేశలింగం దానికి అధ్యక్షులయ్యారు, గిడుగు కార్యదర్శి. ఆ సంవత్సరమే గిడుగు 'తెలుగు' అనే పత్రికను నడిపారు. వీరేశలింగం ఆ మే 27న మరణించినా, ఆయన సమ్మతికి ఉన్న విలువ తగ్గలేదు.

ఇక్కడి నుంచి ఉద్యమం బడి ఉత్తర్వు మీద కాక పత్రిక, కథ, నవల, సభల మీద నిలబడింది. పర్లాకిమిడిలో గిడుగు శిష్యుడైన తాపీ ధర్మారావు తరువాతి కాలంలో పత్రికా రచనలో వాడుక భాషను నిలబెట్టారు. 1940 జనవరి 22న గిడుగు మరణించేనాటికి సృజనాత్మక రచన చాలావరకు వాడుక భాషలోకి వచ్చింది. పాఠ్యపుస్తకం మాత్రం అన్నిటికంటె ఆలస్యంగా మారింది. బడిలో మొదలైన ప్రశ్నకు బడి బయట ముందు సమాధానం దొరికింది.

ఆధునిక పరిశోధన వెలుగులో

జిల్లా స్థాయి విద్యానాయకత్వంపై అమెరికాలో విస్తృతమైన పరిశోధన ఉంది. అక్కడ బఫలో, లూయివిల్ నగరాలు 1837లో తొలి పాఠశాలల సూపరింటెండెంట్లను నియమించాయి. జె. టిమొతి వాటర్స్, రాబర్ట్ మార్జానో 2006లో ప్రకటించిన సమీక్ష 27 అధ్యయనాలను, 2,817 విద్యాజిల్లాల సమాచారాన్ని పరిశీలించి, సూపరింటెండెంటు నాయకత్వానికి, విద్యార్థుల సాధనకు మధ్య 0.24 సహసంబంధాన్ని గుర్తించింది. అందరితో కలిసి లక్ష్యాలను నిర్ణయించడం, బోధనకు, సాధనకు సంబంధించి రాజీలేని లక్ష్యాలు ఉంచడం, పాలకమండలి మద్దతు కూడగట్టడం, పురోగతిని గమనిస్తూ ఉండటం, వనరులను ఆ లక్ష్యాల వైపు మళ్లించడం అన్నవి ఆ సమీక్ష పేర్కొన్న ఐదు బాధ్యతలు.

నూరేళ్ల తరువాతి ఈ కొలబద్దను యేట్స్‌కు యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. ఆయన ఎన్నికైన మండలికి జవాబుదారీ కాదు, వలస ప్రభుత్వోద్యోగి. అయినా పోలిక ఒక విషయాన్ని తేటపరుస్తుంది. బోధనను కేంద్రంగా చూడటంలో యేట్స్ తన కాలానికి ముందున్నారు. అందరితో కలిసి లక్ష్యం ఏర్పరచడం, నిర్ణయాధికార మండలుల మద్దతు సాధించడం అన్న రెండు బాధ్యతల దగ్గరే ఆ ప్రయత్నం దెబ్బతిన్నది. ఆయన కలిపింది ముగ్గురు నలుగురు మేధావులను. కలపవలసింది వందలాది తెలుగు పండితులను. మొదటిదాని వల్ల ఉద్యమం పుట్టింది, రెండవది జరగనందువల్ల ఉత్తర్వు నిలవలేదు.

మిగిలిపోయిన సగం ప్రశ్న

గిడుగు, గురజాడ కోరినది ఏ ఒక్క మాండలికాన్నో కాదు, చదువుకున్నవారు వాడే శిష్ట వ్యావహారికాన్ని. జిల్లాకొక భాష అవుతుందన్న అభ్యంతరానికి అదే వారి సమాధానం. అది ఆనాటికి అవసరమైన సమాధానం, దాని వల్లనే వాడుక భాష నిలదొక్కుకుంది. కానీ ఆ శిష్టభాషకు ప్రధానంగా నమూనా అయింది కోస్తా జిల్లాల చదువుకున్న వర్గాల మాట. 'వచ్చెను' స్థానంలో 'వచ్చాడు' వచ్చింది. 'ఒచ్చీసినాడు' బడి వెలుపలే ఉండిపోయింది. రాయవరంలో పుట్టిన మహాకవి చేసిన పోరాటం ఫలితంగా రాయవరం కూలి ఇంటి బిడ్డకు పుస్తకం రెండు మెట్లలో ఒక మెట్టు కిందికి దిగింది, మరొక మెట్టు మిగిలింది.

ఈ మిగిలిన మెట్టు గురించి ఆలోచించవలసిన విద్యాధికారులు నేడు మండల స్థాయిలోనే ఉన్నారు. 1985లో మండల వ్యవస్థ ఏర్పడిన తరువాత మండల విద్యాశాఖాధికారి బడికి మిక్కిలి దగ్గరి పర్యవేక్షకుడయ్యాడు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడటంతో జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయం కూడా ఈ ప్రాంతానికి చేరువైంది. దూరం తగ్గింది, కానీ హాజరు, మధ్యాహ్న భోజనం, నివేదికల నడుమ 'ఈ పిల్లవాడికి ఎందుకు అర్థం కావడం లేదు' అని అడిగే తీరిక తగ్గకుండా చూసుకోవలసి ఉంది.

ఇటీవలి రెండు అనుభవాలు ఈ సందర్భంలో పోల్చదగినవి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004–05 ప్రాంతంలో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషలలో తొలి తరగతుల బోధనను చేపట్టింది. గిడుగు శతాబ్దం ముందు సొంత ఖర్చుతో చేసిన పని ఆ విధంగా ప్రభుత్వ కార్యక్రమం అయింది. 2019 నవంబరులో ప్రాథమిక తరగతుల నుంచే ఆంగ్ల మాధ్యమాన్ని నిర్దేశిస్తూ జీవో 81 వెలువడింది. 2020 ఏప్రిల్ 15న రాష్ట్ర హైకోర్టు ఆ విధానాన్ని కొట్టివేసింది. ఆంగ్లం కావాలన్న పేద తల్లిదండ్రుల కోరికలో న్యాయం ఉంది, మాతృభాషా పునాది కావాలన్న విద్యావేత్తల వాదంలోనూ న్యాయం ఉంది. 1912–15 నాటి అనుభవం వీరిలో ఎవరు సరి అని తేల్చి చెప్పదు. తరగతి గదిలోని ఉపాధ్యాయుడు తనదిగా స్వీకరించని భాషా నిర్ణయం, దాని వెనుక ఉన్న ఉద్దేశం ఎంత మంచిదైనా, నిలవడం కష్టమని మాత్రం చెబుతుంది.

ముగింపు

యేట్స్ ఉత్తర సర్కారులలో కొత్త బడులు ఎన్ని తెరిచారన్నది, ఎందరిని మందలించారన్నది ఆయన నాయకత్వానికి కొలమానం కాదు. ఆయన పిల్లవాడి మౌనాన్ని ఒక ప్రశ్నగా విన్నారు, ఆ ప్రశ్నను తెలిసినవారి ముందు పెట్టారు, వారికి దారి విడిచారు. విద్యాపాలనలో అధికారం చేయగల మేలు ఇంతవరకే అనిపించవచ్చు, కానీ ఇది చిన్నది కాదు. అదే సమయంలో, వినడం కొద్దిమంది మేధావుల దగ్గర ఆగిపోయి బోధించే పండితుల దాకా సాగకపోతే ఏమవుతుందో 1915 చూపించింది. ఆ లోటును పూడ్చడానికి గిడుగుకు మరో పాతికేళ్లు పట్టింది.

ఎస్. రాయవరం మండలంలోని ఏదో ఒక బడిలో ఈ రోజు కూడా ఒక పిల్లవాడు 'ఒచ్చీసినాడు' అని రాసి ఉంటాడు, దాని కింద ఎర్ర సిరా గీత పడి ఉంటుంది. ఆ గీతను చూసి తనిఖీ అధికారి సంతకం చేసి కదలవచ్చు, లేదా ఒక ప్రశ్న అడగవచ్చు. 1907లో అడిగిన ప్రశ్న తెలుగు వచనం దారినే మార్చింది.